తుపాకి స్కిన్‌కి పోయిన పొదుపు డబ్బు

కావలి నుంచి డిగ్రీ చదివే అమ్మాయి రాసింది. టెన్త్ చదివే తమ్ముడు ఫోన్లో ఆడే బీజీఎంఐ అనే తుపాకుల గేమ్‌లో ఎం416 తుపాకికి గ్లేసియర్ స్కిన్, అంటే పైన రంగుల తొడుగు, దాని కోసం అమ్మ ఫోన్లోంచి విడతలు విడతలుగా 9,400 రూపాయలు పెట్టేశాడంట. అవి పొదుపు సంఘం లోన్ కంతుకి దాచినవి. నాన్న అల్లూరు వైపు రొయ్యల గుంటల కాడ ఉంటాడు, వారానికోసారి వస్తాడు, ఆయనకి చెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకుంది. "వాడు దొంగయ్యాడు మేడం, వాడి గేమ్ అకౌంట్ అమ్మేసి డబ్బు రాబట్టొచ్చా" అని అడుగుతోంది.

అమ్మాయ్, అకౌంట్ అమ్మే ఆలోచన మానుకో. గేమ్ రూల్స్ ఒప్పుకోవు, పైగా కొంటామని వచ్చేవాళ్ళు ముందు లాగిన్, ఓటీపీ అడుగుతారు, ఇచ్చాక మాయమైపోతారు, అప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఏడవాల్సింది మీరే. ప్లే స్టోర్ రీఫండ్ కూడా కొన్న 48 గంటల్లోపు అడిగితేనే కాస్త ఆశ, మీకు నెల దాటింది కాబట్టి ఆ డబ్బు పోయిందనుకో.

ఇక మీ తమ్ముడు. ఆ స్కిన్‌తో తుపాకి దెబ్బ ఒక్క పిసరు పెరగదు. మంచు రంగులో మెరుస్తుంది, అప్‌గ్రేడ్ చేసేకొద్దీ ఆటలో వీడు చంపినోడు వదిలిపోయే సామాన్ల పెట్టె రూపు కూడా మారుతుంది, అంతే, కానీ ఆ మెరుపు పక్కన ఆడే ఫ్రెండ్స్ అందరికీ కనపడుతుంది కదా, పదిహేనేళ్ళోడికి అదే కావాలి. ఇంకోటి, అది షాపులో చీరలాగా రేటు కట్టి కొనేది కాదు, డబ్బిచ్చి కొనే యూసీ అనే గేమ్ నాణేలు పెట్టి క్రేట్, అంటే లాటరీ పెట్టె, తెరవాలి, వస్తే వచ్చింది లేకపోతే లేదు. తిరనాళ్ళలో రింగులేసే ఆట ఎట్టుంటుందో చూశావుగా, ఈసారి పడుతుందిలే అని ఇంకో పది తీస్తాం. వాడూ 9,400 ఒకేసారి తియ్యలేదు, విడతలుగా తీశాడని నువ్వే రాశావు.

అయితే నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట వేరే ఉంది. "అమ్మకి ఫోన్‌పే రాదు, కరెంట్ బిల్లు, గ్యాస్, చీటీ అన్నీ వాడే కొడతాడు, పిన్ వాడికే తెలుసు" అన్నావు. అంటే మీ ఇంటి క్యాషియర్ వాడే! బీరువా తాళం చేతికిచ్చి ఇప్పుడు దొంగ అంటే ఎట్టా? తప్పు కాదని అనట్లేదు, తప్పే, ముమ్మాటికీ తప్పే, కానీ ఆ పిన్ ఇచ్చింది పెద్దోళ్ళు. పక్కనే కూర్చొని నువ్వే అమ్మకి నేర్పు. పిన్ మార్చి కొత్తది ఆమే వేసుకోవాలి, నీకు కూడా చెప్పకూడదు. ప్లే స్టోర్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టు.

నాన్నకి దాచొద్దు. కొడతాడని అమ్మ భయం, అది నాకర్థమవుతుంది, అందుకే ఆయన వచ్చిన రాత్రే అలసట మీద చెప్పకండి, పొద్దున అన్నం తిన్నాక అమ్మ చెప్పాలి, వాడు పక్కనే ఉండాలి, చెయ్యెత్తితే నువ్వు అడ్డం నిలబడు. సంఘం లీడర్‌కి మాత్రం మీటింగ్ దాకా ఆగకుండా ఈరోజే అమ్మ వెళ్ళి, ఈ కంతు ఆలస్యమవుతుందని చెప్పి, ఎప్పటికి కడతారో గడువు అడగమను. ఆ బాకీలో కొంత వాడి పండగ బట్టల డబ్బులోంచి పోనీ, వాడి ముందే లెక్క రాయండి.