లాంతర్ల ఊరేగింపుకు మనవరాలిని పంపవచ్చునా?

ప్రశ్న: జర్మనీలో ఉంటున్న మా అమ్మాయి కుటుంబాన్ని నవంబరు 11న జరిగే పిల్లల లాంతర్ల ఊరేగింపుకు కిండర్‌గార్టెన్ వారు ఆహ్వానించారు. పరాయి మతస్థుల పండుగకు మనవరాలిని పంపడం తగునా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిస్సంకోచంగా పంపించండి. చలికి వణుకుతున్న బిచ్చగానికి తన పైవస్త్రాన్ని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడని చెప్పుకొనే నాలుగో శతాబ్దపు రోమన్ సైనికుడు, సెయింట్ మార్టిన్ స్మరణార్థం, పిల్లలు తామే చేసుకున్న కాగితపు లాంతర్లను కర్రలకు తగిలించుకుని, పాటలు పాడుతూ చీకటి వీధుల్లో నడుస్తారు. చాలా ఊళ్లలో ముందు గుర్రంపై మార్టిన్ వేషధారి సాగుతాడు; చివర పెద్ద మంట వేస్తారు. పైడితల్లి సిరిమానోత్సవానికి వచ్చేవారిని మీ ఊరు మతం అడగదు కదా! ఆ పాటలను ముందుగా నేర్పిస్తే పాప బెరుకు లేకుండా కలిసిపోతుంది. లాంతరులో కొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపం పెట్టమనండి.