పీహెచ్‌డీ విజిట్‌కు సూట్ కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో మాలిక్యులర్ బయాలజీలో ఎమ్మెస్ చేసి, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తోంది. పీహెచ్‌డీకి అప్లై చేస్తే మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీ, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఫిబ్రవరిలో క్యాంపస్‌కు రమ్మన్నాయి. డబ్బు పంపుతాను, మంచి సూట్ కొనుక్కోమంటే, ‘జీన్స్ చాలు నాన్నా’ అంటోంది. చదువయ్యాక కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ గడువు దగ్గర పడుతోంది. హెచ్1బీ పరిస్థితి చూస్తున్నారు కదా. పీహెచ్‌డీ వస్తే ఐదేళ్లు నిశ్చింత. బట్టల దగ్గర పొరపాటు జరిగి సీటు పోతుందేమోనని టెన్షన్. ఏం వేసుకోమంటారు? రెండింట్లో ఏది మంచిది? ప్రొఫెసర్లకు కాకినాడ కాజా ఇస్తే బాగుంటుందా?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే నిజమండి. సైన్స్ విభాగాల్లో ప్రొఫెసర్లే జీన్స్ మీద ఒక ఫ్లీస్ జాకెట్ వేసుకుని తిరుగుతుంటారు. సూట్‌లో వెళ్తే మార్కులేం తగ్గించరు. కాకపోతే గదిలో తనొక్కతే అలా కనిపించి, రోజంతా దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటుంది. చిరుగుల్లేని ముదురు జీన్స్ గానీ మామూలు ప్యాంటు గానీ, పైన ఇస్త్రీ చేసిన షర్టు, ఒక స్వెటర్ చాలు. పొట్టి కుర్తీ అలవాటైతే అదీ భేషుగ్గా ఉంటుంది. చున్నీ మాత్రం వద్దు. మధ్యలో ల్యాబ్‌లు చూపిస్తారు, వేలాడే బట్ట అక్కడ ప్రమాదం. పాదాలు పూర్తిగా కప్పే బూట్లు ఉండాలి, చెప్పులతో లోపలికి రానివ్వరు. ల్యాబ్‌లో పనిచేసే పిల్లకు ఇవన్నీ మీకన్నా, నాకన్నా బాగా తెలుసు. ఆ సంగతి మీరే మర్చిపోతున్నారు.

కెమిస్ట్రీ, ఫిజిక్స్ వాళ్లు చాలాచోట్ల సీటు ఇచ్చాకే క్యాంపస్‌కు పిలుస్తారు, మా దగ్గరికే రండి అని బతిమాలడానికి. బయాలజీలో ఎక్కువగా ఈ విజిట్టే ఇంటర్వ్యూ. కాబట్టి మీ ఆందోళన పూర్తిగా అర్థం లేనిదని అనను. అయితే అక్కడ జరిగేది వినండి. ఒక్కో ప్రొఫెసర్‌తో అరగంట చొప్పున వరసగా మాటలు. ఇప్పటిదాకా చేసిన పనేమిటి, ఆ ప్రయోగం ఎందుకలా చేశావు, ఫలితం రాకపోతే ఏం చేసేదానివి అని అడుగుతారు. చొక్కా గుర్తుండదు, జవాబు గుర్తుంటుంది. తర్వాత పోస్టర్లు, క్యాంపస్ చుట్టూ నడక, రాత్రి అక్కడి పీహెచ్‌డీ విద్యార్థులతో భోజనం. ఆ భోజనం బార్‌లో పెట్టినా తాగాల్సిన పని లేదు, జ్యూస్ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఆ విద్యార్థుల అభిప్రాయం కూడా చాలా విభాగాలు అడిగి తెలుసుకుంటాయి. వాళ్లతో విసుక్కోకుండా మాట్లాడటం సూట్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

డబ్బు పెట్టాలనే ఉంటే చలి మీద పెట్టండి. ఫిబ్రవరిలో మాడిసన్‌లో మెండోటా సరస్సు గడ్డకట్టి, జనం దాని మీద నడుస్తుంటారు. హ్యూస్టన్‌లో కొన్న జాకెట్ అక్కడ ఏ మూలకూ చాలదు. మంచు మీద జారని బూట్లు, చెవులు కప్పే టోపీ, గ్లవ్స్ కావాలి. భవనాల్లోపల హీటర్లు వేసి ఉక్కపోయిస్తారు, అందుకే విప్పి చేత పట్టుకునేలా పొరలు పొరలుగా వేసుకోవాలి. శాన్ డియాగోలో ఈ గొడవేమీ లేదు, సాయంత్రం సముద్రపు గాలికి ఒక స్వెటర్ ఉంటే సరి. బట్టలన్నీ విమానంలో తనతో ఉంచుకునే చిన్న పెట్టెలోనే సర్దుకోమనండి. చలికాలం విమానాలు ఆలస్యమై, లోపల వేసిన సామాను ఎక్కడో ఆగిపోవడం మామూలే. కొత్త బూట్లు వారం ముందే తొడిగి నడిచి చూడాలి.

ఇక మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన ‘ఐదేళ్లు నిశ్చింత’ దగ్గరికి వస్తాను. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీలకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక ఈ మాట మరీ ఎక్కువగా వింటున్నాను. వీసా కోసం పీహెచ్‌డీలో చేరడం నాకు నచ్చని దారి. పీహెచ్‌డీకి ట్యూషన్ ఫీజు ఉండదు, స్టయిపెండ్ ఇస్తారు, నిజమే. కానీ బయాలజీ పీహెచ్‌డీ ఐదారేళ్లు పడుతుంది. అందులో నెలల తరబడి ప్రయోగం పనిచేయని కాలం ఉంటుంది. పరిశోధించే ప్రశ్న మీద ఇష్టం లేకపోతే మూడో ఏట వదిలేసి బయటికొస్తారు, అప్పుడు వీసా సమస్య మళ్లీ మొదటికే. పైగా ఇదీ పూర్తి నిశ్చింత కాదు. ఫెడరల్ నిధుల గందరగోళంలో 2025లో కొన్ని బయాలజీ విభాగాలు సీట్లు తగ్గించాయి, కొన్నిచోట్ల ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకున్నారు. అందుకే విజిట్‌లో తను గట్టిగా అడగాల్సినవి ఉన్నాయి. స్టయిపెండ్‌కు ఎన్నేళ్ల హామీ ఉంది? ప్రొఫెసర్ గ్రాంట్ ఆగిపోతే విభాగం ఆదుకుంటుందా? మొదటి ఏడాది రొటేషన్లు, అంటే ఒక్కో ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేసి చూడటం, అయ్యాక కోరుకున్న ల్యాబ్‌లో చోటు దొరకనివాళ్లు ఏమయ్యారు? చివరిది ప్రొఫెసర్లను కాదు, భోజనం దగ్గర విద్యార్థులను అడగాలి.

పరిశోధన అంటే తనకు ఇష్టమో కాదో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. సూట్ గురించి మాత్రం ఉంది. కోపం తెచ్చుకోకండి, కానీ ఎమ్మెస్ చేసి, ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటూ, రెండు పెద్ద యూనివర్సిటీల నుంచి పిలుపు తెచ్చుకున్న మనిషికి ఏ ప్యాంటు వేసుకోవాలో కాకినాడ నుంచి చెప్పాల్సిన అవసరం ఏముంది? ఆ రెండు మూడు రోజులు గంటకోసారి ఫోన్ కూడా చేయకండి. హోటల్ గది తరచూ ఇంకో అభ్యర్థితో పంచుకోవాల్సి ఉంటుంది, రాత్రి ఒక్క మెసేజ్ చాలు.

రెండింట్లో ఏది మంచిదంటే, బయాలజీలో రెండూ గట్టివే. హరగోవింద్ ఖొరానా 1968లో నోబెల్ అందుకున్నప్పుడు పనిచేస్తున్నది మాడిసన్‌లోనే. శాన్ డియాగో క్యాంపస్‌కు పక్కనే బయాలజీ పరిశోధనకు పేరున్న సాక్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఖర్చులు శాన్ డియాగోలో ఎక్కువ, ముఖ్యంగా ఇంటి అద్దె. అంతకుమించి ఇక్కడినుంచి తేల్చలేను, ఏ ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆఫర్లు వస్తే చాలా యూనివర్సిటీల్లో ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకోవచ్చు.

చివర్లో అడిగారు, ప్రొఫెసర్లకు కాకినాడ కాజా ఇస్తే బాగుంటుందా అని. వద్దండి, సీటు తేలకముందు బహుమతులు ఇస్తే వాళ్లకే ఇబ్బంది. హ్యూస్టన్‌కు పార్సిల్ చేయండి, తన ల్యాబ్ వాళ్లతో కలిసి తింటుంది.