మధ్య పేజీ తెరిచి చూడు

అమ్మాయీ,

మీ వాడు ప్రశ్నలతో ఊపిరాడనివ్వడం లేదనీ, కథలు కాకుండా ఏ పుస్తకాలు కొనాలనీ అడిగావు. అట్ట మీద వేసిన వయసును పట్టించుకోకు. వారం పాటు వాడు అడిగినవన్నీ ఓ కాగితం మీద రాసిపెట్టు. ఏ సంగతి మూడు నాలుగుసార్లు వస్తే దాని మీదే పుస్తకం వెతుకు. అది కూడా "సముద్ర జీవులు" అని గంపగుత్తగా కాదు, ఒక్క ఆక్టోపస్ మీద.

పుస్తకం చేతికొచ్చాక మధ్యలో తెరువు. మొదటి పేజీలు ఎవరైనా బాగానే రాస్తారు. ఆక్టోపస్‌కు మూడు గుండెలు, నీలి రక్తం అని చెప్పి ఊరుకుంటే అది ఉత్త చిట్టా. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థంలో ఇనుము ఉంటే దాని రక్తంలో రాగి ఉంటుంది, ఆ నీలం అందుకే. రెండు గుండెలు మొప్పలకు, మూడోది మిగతా ఒంటికి రక్తాన్ని తోస్తాయి. ఇంతవరకూ విప్పి చెప్పిన పుస్తకాన్ని తీసుకో. చిట్టా పుస్తకం మొదటిరోజు తెగ నచ్చుతుంది, "ఎందుకు" అన్నదానికి అందులో జవాబు దొరక్క వారంలో మూలన పడుతుంది.

తర్వాత అచ్చయిన సంవత్సరం చూడు. ప్లూటోను 2006లో గ్రహాల జాబితా నుంచి తప్పించారు. ఇంకా తొమ్మిది గ్రహాలనే పుస్తకాన్ని ఎవరూ సరిచూడలేదన్నమాట. కొత్త పుస్తకాల్లోనూ పాత తప్పులు దూరుతుంటాయి. నాలుక కొసన తీపి, వెనక చేదు అని పటం వేసి ఉంటే అక్కడే పెట్టేసెయ్. రుచులన్నీ నాలుకంతటా తెలుస్తాయి.

బొమ్మల్లో కొలత ఉండాలి. నీలి తిమింగలం పక్కన మనిషి బొమ్మ లేకపోతే అదీ చేపపిల్లా ఒక్కటే సైజులా కనబడతాయి. వెనక పదసూచి ఉంటే మరీ మంచిది. వెతుక్కోవడం దాంతోనే అలవాటవుతుంది.

వాణ్ణి ఒక పేజీ చదవమను. ఐదు మాటలకు మించి తెలియకపోతే ఒంటరిగా చదవలేడు. నువ్వు పక్కన కూర్చుని చదివితే మాత్రం ఆ పుస్తకమే కొను, కాస్త కష్టంగా ఉన్నా వింటాడు. వీలైతే ముందు లైబ్రరీలో తీసుకో. తిరిగిచ్చేటప్పుడు ఏడిస్తే అప్పుడు కొనొచ్చు.

మొదటి పేజీ నుంచే చదవాలని పట్టుబట్టకు, బొమ్మల కింది రాతలు మాత్రమే చదివినా చదివినట్టే. ఏం నేర్చుకున్నావని పరీక్ష పెట్టావో, రెండో పుస్తకం ముట్టుకోడు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ