వైజాగ్ గురించి చెప్పేటప్పుడు 'టాలరేట్' వద్దండీ

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలోని స్పీకింగ్‌లో మన ఊరి గురించి 'వీ టాలరేట్ ఆల్ రిలీజియన్స్' అనొచ్చా అని అడిగారు కదా. వద్దండీ. టాలరేట్ అంటే ఇష్టం లేకపోయినా ఓర్చుకుంటున్నామన్న ధ్వని వస్తుంది. దాని లాటిన్ మూలానికి కూడా భరించడమనే అర్థం. 'టాలరెంట్ ఆఫ్' అని వాడితే పర్వాలేదు.

హార్బర్ దగ్గర మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి ఉన్నాయి కదా, ఆ ఉదాహరణ తప్పకుండా చెప్పండి. దానికి 'పీపుల్ ఆర్ రెస్పెక్ట్‌ఫుల్ ఆఫ్ ఈచ్ అదర్స్ ఫెయిత్' సరిగ్గా అతుకుతుంది. నాకు చాలా ఇష్టమైన వాడుక ఇది.

కొత్త ఆలోచనలు మనసు పెట్టి వినేవాళ్లు ఓపెన్ మైండెడ్. మనిషిని ఉన్నట్టుగా ఒప్పుకునేవాళ్లు యాక్సెప్టింగ్. అందరినీ కలుపుకునే కాలేజీ, ఆఫీసు అయితే ఇన్‌క్లూజివ్. అన్నీ ఒకేసారి గుప్పించకండి, టెన్షన్‌లో తడబడతారు. రెండు మాటలు పట్టుకుని, మీ వీధిలో చూసిన సంగతులతో చెప్పండి.