కంచె పక్కన మంచె: పొరుగున వేటగాళ్లుంటే ఏం చేయాలి?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము టెక్సస్‌లో నగరానికి దూరంగా 18 ఎకరాల చెట్లున్న భూమి కొని అందులోనే ఇల్లు కట్టుకున్నాము. మా వెనుక కంచెకు ఆవల ఉన్న పెద్ద భూమిని దాని యజమాని ఏటా వేటగాళ్లకు లీజుకు ఇస్తారు. ఈసారి వాళ్లు కంచెకు పది అడుగుల దూరంలో ఎత్తయిన మంచె కట్టి, దాని కిటికీని మా వైపు తిప్పి పెట్టారు. పక్కనే జింకల కోసం మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ కూడా ఉంది. నవంబరులో తెల్లవారుజామున తుపాకీ మోతలకు పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. కొన్ని రాత్రులు కూడా కాల్పులు వినిపించాయి. మా ఇంట్లో మాంసం ముట్టము, జంతువులను చంపడం చూడలేము. అయినా ఇరుగుపొరుగుతో గొడవ పడాలని లేదు. చట్టం మాకు ఏ మేరకు అండగా ఉంటుంది? వాళ్లతో ఎలా మాట్లాడాలి?
– ఒక పాఠకురాలు, టెక్సస్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసి ఉన్నాయి. ఒకటి పిల్లలకు ఏమవుతుందోనన్న భయం, రెండవది కళ్లెదుట ఒక ప్రాణి చనిపోతుంటే కలిగే వేదన. రెండూ న్యాయమైనవే గాని, టెక్సస్ చట్టం మొదటిదానికి మాత్రమే అండగా నిలుస్తుంది. రెండింటినీ కలిపి మాట్లాడితే, వీరికి వేట అంటేనే గిట్టదు కాబట్టి ఏదో ఒక వంక పెడుతున్నారని అవతలివాళ్లు అనుకుంటారు. అప్పుడు నిజమైన ప్రమాదం గురించి మీరు చెప్పే మాట కూడా వాళ్ల చెవికెక్కదు. అందుకే మీ సంభాషణను భద్రతకే పరిమితం చేయమని నా సలహా.

ముందుగా వాళ్లకు ఉన్న హక్కులు తెలుసుకోండి. టెక్సస్‌లో అడవి జంతువులు రాష్ట్ర ప్రజలందరి ఆస్తి. మీ చెట్ల నీడన పడుకున్న జింక మీది కాదు, కంచె దాటి వెళ్లినంత మాత్రాన వాళ్లదీ కాదు. అయితే లైసెన్సు, భూయజమాని అనుమతి ఉన్న వేటగాడు సీజన్‌లో తానున్న భూమి మీద దాన్ని కొట్టవచ్చు. మంచె హద్దుకు ఇంత దూరంలో ఉండాలన్న నియమమేదీ రాష్ట్ర చట్టంలో లేదు. ప్రైవేటు భూమిలో ఫీడర్ పెట్టడం కూడా నేరం కాదు. జింకల వేట సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగియాలి గాని, పంటలను పాడుచేసే ఫెరల్ పందులను (అడవిపాలైన పెంపుడు పందుల సంతతిని) ప్రైవేటు భూమిలో యజమాని సమ్మతితో ఏడాది పొడవునా, రాత్రి పూట కూడా వేటాడవచ్చు. కాబట్టి మీరు రాత్రి విన్న కాల్పులు పందుల మీద జరిపినవి కావచ్చు. నేరం జరిగిందని నిర్ణయానికి వచ్చేముందు అడిగి తెలుసుకోవడం మేలు.

హద్దు దాటే తూటా విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. వేటాడుతూ గాని సరదాగా గురి చూసి కాలుస్తూ గాని, తెలిసి పేల్చిన తూటా పొరుగువారి హద్దు దాటితే, ఆ భూయజమాని రాతపూర్వక సమ్మతి లేనప్పుడు అది నేరం. 500 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. నోటిమాటగా ఇచ్చిన అనుమతి ఇందుకు చాలదు. ఆ కాగితంలో కాల్చే వ్యక్తి పేరు, హద్దుకు ఇరువైపులా ఉన్న భూముల వివరం, యజమాని సంతకం ఉండాలి. మీరు అటువంటి కాగితం ఇవ్వలేదు కాబట్టి, మీ వైపు తిరిగి ఉన్న ఆ కిటికీలోంచి మీ నేల మీదుగా తుపాకీ పేల్చే హక్కు వాళ్లకు లేదు. మీకున్న బలమంతా ఈ ఒక్క నియమంలోనే ఉంది.

అయితే మంచె ఎత్తుగా ఉండటమే ప్రమాదమని అనుకోవద్దు. నిజానికి ఎత్తు నుంచి కిందికి వాలుగా కాల్చినప్పుడు, గురి తప్పినా తూటా దగ్గరలోని నేలలో దిగబడుతుంది. నేల మీద నిలబడి, వెనుక మట్టిగట్టు గాని కొండవాలు గాని లేకుండా, దిగంతం మీద కనిపించే జింకను కాల్చడమే అసలైన ముప్పు. జింకల వేటలో వాడే పెద్ద రైఫిల్ తూటాకు అడ్డు లేకపోతే మైళ్ల దూరం పోతుంది. చిన్నదని అందరూ తేలికగా చూసే పాయింట్ 22 తూటా కూడా మైలుకు పైగా పోగలదు. కాబట్టి మంచెను పీకేయమని అడగకండి. కిటికీని వాళ్ల భూమి లోపలి వైపు తిప్పమని, ఫీడర్‌ను కూడా ఆ కిటికీకి ఎదురుగా లోపలికి జరపమని అడగండి. ఫీడర్ ఎక్కడ ఉంటే జింక అక్కడ నిలబడుతుంది, జింక ఎక్కడ నిలబడితే తుపాకీ అటు తిరుగుతుంది. మీ హద్దుకు, మంచెకు నడుమ ఉన్న ఫీడర్ మంచెకు అవతలి వైపు పోతే చాలావరకు మీ భయం తీరుతుంది, వాళ్ల వేటా చెడదు.

ఈ మాటలు ఎవరితో చెప్పాలన్నది కూడా ముఖ్యమే. లీజుకు వచ్చిన వేటగాళ్లు ఒక్కో ఏడాది ఒక్కో బృందం కావచ్చు, కాబట్టి ముందు భూయజమానితో మాట్లాడండి. లీజు ఒప్పందంలో ఒక షరతు చేర్చే అధికారం ఆయనకే ఉంటుంది. సీజన్ నడుస్తుండగా, తెల్లవారుజామున తుపాకీ మోత విని కోపంతో కంచె దగ్గరకు పరుగెత్తడం సరికాదు. అది మీకూ క్షేమం కాదు. ఉత్తర మండలంలో తెల్లతోక జింకల సాధారణ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలై జనవరి మొదటి ఆదివారం ముగుస్తుంది, దక్షిణ మండలంలో జనవరి మూడవ ఆదివారం దాకా సాగుతుంది. వేసవిలో, ఎవరికీ తొందర లేనప్పుడు, పగటిపూట ఆయన్ను కలిసి ఇద్దరూ హద్దు వెంట నడవండి. మీ ఇల్లు ఎక్కడుందో, పిల్లలు ఏ చెట్టు కింద ఆడుకుంటారో చేయి చూపి చెప్పండి. ఆకులు దట్టంగా ఉన్న కాలంలో అవతలి నుంచి చూసేవారికి అక్కడ ఇల్లుందన్న సంగతే తెలియకపోవచ్చు. మీ ఫోన్ నంబరు ఇచ్చి, రాత్రి పందుల వేటకు వచ్చే ముందు ఒక మెసేజ్ పెట్టమని కోరండి. ఒప్పుకున్న మాటలను ఆ సాయంత్రమే చిన్న ఉత్తరంగా రాసి పంపితే, వచ్చే ఏడాది బృందం మారినా మాట మారదు.

నడవడానికి ముందే హద్దు ఎక్కడుందో ఖాయం చేసుకోండి. పాత కంచెలు తరచుగా అసలు హద్దు మీద ఉండవు. లైసెన్సు ఉన్న సర్వేయరు చేత కొలిపించి, ఆ తర్వాత హద్దు చెట్ల మీద ఊదారంగు గీతలు వేయించండి. టెక్సస్‌లో 1997 నుంచి ఆ గీతలకు 'లోపలికి రాకూడదు' అన్న బోర్డుతో సమానమైన విలువ ఉంది. ఒక్కో గీత నిలువుగా కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు ఉండాలి. దాని కింది కొస నేల నుంచి 3 అడుగులకు తగ్గకుండా, 5 అడుగులకు మించకుండా ఉండాలి. మీలాంటి చెట్ల భూమిలో గీతకు గీతకు మధ్య దూరం 100 అడుగులు దాటకూడదు. మీరు కొన్నది ఏదైనా సబ్‌డివిజన్‌లోని (పెద్ద భూమిని ప్లాట్లుగా విడగొట్టి అమ్మిన లేఅవుట్‌లోని) స్థలమైతే దస్తావేజుల్లోని షరతులు కూడా ఒకసారి చదవండి, వాటిలో వేట మీద నిషేధం ఉండే అవకాశం ఉంది.

సీజన్‌లో పిల్లలు వెనుక వైపు వెళ్లేటప్పుడు మెరిసే నారింజ రంగు జాకెట్టు వేయండి, కుక్క ఉంటే దాని మెడకూ అదే రంగు పట్టీ కట్టండి. తెల్లవారుజామున, సంధ్యవేళ ఆ వైపు పోనివ్వకండి. తప్పు చేయని మీరెందుకు జాగ్రత్త పడాలని మనసు ఎదురు తిరగవచ్చు, ఆ కోపంలో న్యాయం ఉంది కూడా. కాని ఇది పిల్లల విషయం.

ఇంత చేసినా తూటా మీ వైపు వచ్చిందని తెలిస్తే, ఆ చెట్టుకో గోడకో పడిన గుర్తును తాకకుండా ఫోటో తీసి, సమయం రాసుకుని, వేట చట్టాలను అమలుచేసే అధికారి అయిన గేమ్ వార్డెన్‌కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆలోచించకుండా 911కు చేయండి. పొరుగువారితో స్నేహం చెడుతుందేమోనన్న మొహమాటం ఆ ఒక్క సందర్భంలో పనికిరాదు.

ప్రశ్న: అవతలి భూమిలో దెబ్బతిన్న జింక ఒకటి మా స్థలంలోకి వచ్చి పడిపోయింది. కాసేపటికి ఇద్దరు మమ్మల్ని అడగకుండానే తుపాకులతో కంచె దాటి వచ్చారు. వాళ్లకు ఆ హక్కు ఉందా?
– ఒక పాఠకుడు

సమాధానం: లేదు. గాయపడిన జంతువును వెంబడిస్తూ అయినా సరే, భూయజమాని సమ్మతి లేకుండా హద్దు దాటకూడదు. చేతిలో ఆయుధంతో అలా ప్రవేశిస్తే నేర తీవ్రత ఇంకా పెరుగుతుంది. ఇక మీ అనుమతి లేకుండా మీ భూమి మీదే జింకను చంపితే అది ఫెలొనీ కింద లెక్కకు వచ్చేంత పెద్ద నేరం.

అయినా వాళ్లు ఎందుకు వచ్చారో కూడా అర్థం చేసుకోవాలి. కొట్టిన జంతువును వెతికి తెచ్చుకోవడానికి వేటగాడు తగిన ప్రయత్నం చేయాలని, దాన్ని వృథాగా వదిలేయకూడదని అదే చట్టం చెబుతుంది. ఒక నియమం వెళ్లి తెచ్చుకోమంటుంది, మరొకటి అడగకుండా వెళ్లవద్దంటుంది. ఆ రెండింటి నడుమ దారి మీ అనుమతి ఒక్కటే. దాన్ని ఇవ్వమనే నేను చెబుతాను. మీరు వేటను ఎంత వ్యతిరేకించినా, కొన ఊపిరితో ఉన్న జింక మీ పొదల్లో గంటల తరబడి బాధపడటం వల్ల ఎవరికీ మేలు జరగదు. అయితే షరతులు ముందే చెప్పండి: వచ్చే ముందు ఫోన్ చేయాలి, ఇద్దరికి మించి రాకూడదు, వాహనం తేకూడదు, జింక ఇంకా బతికే ఉంటే మీకు చెప్పకుండా తుపాకీ పేల్చకూడదు. ఈ సమ్మతి గాయపడిన జంతువు కోసమే తప్ప వేట కోసం కాదని కూడా రాతలో స్పష్టం చేయండి.

ప్రశ్న: వేటగాళ్లు వచ్చిన రోజున మా వైపు నుంచి డప్పు కొట్టో, పెద్దగా పాటలు పెట్టో జింకలను బెదరగొట్టి కాపాడవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఆ ఉద్దేశంతో చేయకండి. చట్టబద్ధంగా వేటాడుతున్న వారిని అడ్డుకోవాలని జంతువులను కావాలని తరిమినా బెదరగొట్టినా టెక్సస్‌లో అది నేరం. మీ స్థలంలోనే నిలబడి చేశానన్నంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. మీ రోజువారీ పనులు మాత్రం ఎవరి కోసమూ ఆపనక్కరలేదు. ట్రాక్టరు నడపండి, కట్టెలు కొట్టండి, పిల్లలను ఆడుకోనివ్వండి.

జింకలకు నిజంగా మేలు చేయాలంటే అవి మీ భూమిలోనే ఎక్కువసేపు ఉండేలా చూడండి. హద్దుకు దూరంగా, స్థలం నడిమధ్యలో ఒక నీటితొట్టె పెట్టండి, దాని చుట్టూ పొదలను కొట్టకుండా పెరగనివ్వండి. హద్దు వెంట లైవ్ ఓక్, యాపాన్ వంటి స్థానిక చెట్లను దట్టంగా నాటితే కొన్నేళ్లకు మీకూ మంచెకూ మధ్య తెర ఏర్పడుతుంది. అక్కడ చెట్లు నాటడానికి చలికాలం అనువైనది కాబట్టి సీజన్ ముగిసిన వెంటనే, ఫిబ్రవరిలో ఆ పని మొదలుపెట్టవచ్చు.