ఫుట్‌బాల్ ఆటగాడిగానూ కోచ్‌గానూ దేశదేశాలు తిరిగిన బేలా గుట్‌మన్ ఎవరు?

గుట్‌మన్ 1899లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. వియన్నాలోని యూదుల క్లబ్బు హకోవాలో చేరి, 1925లో ఆ జట్టు ఆస్ట్రియా విజేతగా నిలిచినప్పుడు అందులో సభ్యుడు. మరుసటి ఏడాది అమెరికా పర్యటనకు వెళ్లి, న్యూయార్క్‌లోనే ఉండిపోయి కొన్నేళ్లు ఆడాడు.

కోచ్‌గా ఉయ్‌పెస్ట్ జట్టుకు 1939లో హంగేరీ లీగ్ గెలిపించాడు. ఆ తర్వాత యుద్ధం. నిర్బంధ శ్రమ శిబిరం నుంచి తప్పించుకుని బతికాడు, తండ్రిని మాత్రం నాజీల మారణకాండ బలితీసుకుంది. అంత జరిగాక మళ్లీ మైదానానికి రావడమే నన్ను కదిలిస్తుంది.

ఇటలీలో మిలన్, బ్రెజిల్‌లో సావో పాలో, పోర్చుగల్‌లో పోర్టో... ఎక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. మూడో ఏడాది కోచ్‌కు గండమని ఆయన నమ్మకం. లిస్బన్ క్లబ్బు బెన్ఫికాలో మాత్రం మూడో ఏడాదే శిఖరం. 1961లో బార్సిలోనాను 3-2తో ఓడించి, యూరప్ విజేత క్లబ్బును తేల్చే యూరోపియన్ కప్ గెలిచిన జట్టు, 1962 ఫైనల్లో యువ ఆటగాడు యుసేబియో రెండు గోల్స్‌తో రియల్ మాడ్రిడ్‌ను 5-3తో ఓడించింది. ఆ వెంటనే ఆయన క్లబ్బు వదిలేశాడు. జీతం పెంచలేదని, ఇక ఆ కప్పు గెలవరని క్లబ్బును శపించాడన్న కథ ప్రచారంలో ఉంది. శాపాన్ని నేను నమ్మను కానీ, బెన్ఫికాకు ఆ కప్పు మళ్లీ దక్కలేదన్నది నిజం.