క్లోమానికి విటమిన్ మాత్రలు నిజంగా పనిచేస్తాయా?

మీ నాన్నగారికి క్రానిక్ పాంక్రియాటైటిస్ (క్లోమం ఏళ్ల తరబడి వాచి దెబ్బతినే జబ్బు) అన్నారు, క్లోమాన్ని బాగుచేస్తాయంటూ ఎవరో చెప్పిన విటమిన్ మాత్రలకు ఆధారం ఉందా అని అడిగారు. మా తమ్ముడిదీ ఇదే జబ్బు కాబట్టి దీని గురించి కాస్త లోతుగానే చదివాను.

క్లోమాన్ని బాగుచేసే విటమిన్ లేదండి. ఒకసారి మచ్చకట్టిన భాగం మళ్లీ మామూలు కాదు. నొప్పి సంగతి వేరు. 2009లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 127 మందిలో కొందరికి సెలీనియం, విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్, మెథియోనిన్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు ఆరు నెలలు ఇచ్చి చూశారు. అసలు మాత్రలు వాడినవాళ్లకు నెలకు సగటున 7.4 నొప్పి రోజులు తగ్గాయి. ఉత్తుత్తి మాత్రలకూ 3.2 రోజులు తగ్గాయి! పక్కింటాయనకు నయమైందంటే నేను నమ్మనిది అందుకే.

2012లో మాంచెస్టర్‌లో 70 మందితో ఇలాంటిదే చేస్తే రక్తంలో విటమిన్లు పెరిగాయి గానీ నొప్పిలో తేడా రాలేదు. అక్కడివాళ్లు వయసులో పెద్దవాళ్లు, ఎక్కువమందికి మద్యం వల్ల వచ్చిన జబ్బు. ఢిల్లీలో చాలామంది ముప్పై ఏళ్ల చుట్టుపక్కలవాళ్లు, కారణం తేలని రకం. మా తమ్ముడు మందు ముట్టడు, అందుకని డాక్టర్ కొన్నాళ్లు వాడి చూద్దామన్నారు. నొప్పి తగ్గింది. కానీ అప్పుడే తిన్నది అరగడానికి ఇచ్చే ఎంజైమ్ క్యాప్సూల్స్ కూడా మొదలయ్యాయి, దేని పుణ్యమో చెప్పలేం.

ఆ ఎంజైమ్‌ల గురించి ముందు అడగండి. క్లోమరసం చాలకపోతే కొవ్వు అరగదు, దాంతో ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. మలం జిడ్డుగా నీళ్లమీద తేలుతోందా, బరువు తగ్గుతున్నారా గమనించండి. క్యాప్సూల్ అన్నం తింటూ వేసుకోవాలి, తర్వాత కాదు. విటమిన్లు రక్తపరీక్షలో తక్కువని తేలితేనే వాడటం మంచిది.

విటమిన్ డి విషయంలో మాత్రం జాగ్రత్త. డాక్టర్లు వారానికొకటి రాసే 60,000 యూనిట్ల మాత్రను కొందరు రోజూ మింగేస్తారు. అలా రక్తంలో కాల్షియం మరీ పెరిగితే అదే పాంక్రియాటైటిస్ తెచ్చిపెడుతుంది.

ఇంతకీ నాన్నగారు సిగరెట్ కాలుస్తారా? మీరు రాయలేదు. మద్యం లేకపోయినా పొగ ఒక్కటే ఈ జబ్బును ముదరబెడుతుంది. అలవాటుంటే మాత్రల కన్నా ముందు దాన్ని మాన్పించండి.